అసలు, నకలు, అధికారం: కరణం దఫ్తరం నుంచి ల్యాప్‌టాప్ దాకా

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు
– స్థానిక నకలు అంటే ఏమిటో, దాని అవసరం ఎందుకు ఏర్పడిందో చెప్పగలుగుతారు;
– 1984కు ముందు, తరవాత కృష్ణా డెల్టా గ్రామ రికార్డుల భద్రతలో వచ్చిన మార్పును వివరించగలుగుతారు;
– కంప్యూటర్ నెట్‌వర్కుల్లో దాచిన ఫైలు నకళ్లకు రక్షణ ఏర్పాట్లు ఎలా పెరిగాయో తెలుసుకుంటారు;
– హక్కు రద్దు చేయడానికీ, నకలు వెనక్కి తీసుకోవడానికీ ఉన్న తేడాను గుర్తించగలుగుతారు.

1. పరిచయం

గన్నవరం మీదుగా జాతీయ రహదారిపై మీరు ఎప్పుడైనా ప్రయాణించి ఉంటే, రోడ్డు పక్కనే విమానాశ్రయాన్నీ, కేసరపల్లి దగ్గర ఐటీ భవనాలనూ చూసే ఉంటారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైనిక అవసరాలకు వాడిన ఈ విమానాశ్రయాన్ని ఇటీవల విస్తరించారు. రన్‌వే పొడిగింపు కోసం చుట్టుపక్కల గ్రామాల్లో భూములు తీసుకోవలసి వచ్చింది. ఇలా భూమి తీసుకునేటప్పుడు ముందుగా ఎదురయ్యే ప్రశ్న ఒకటే: ఈ సర్వే నంబరులో ఎవరి పేరు ఉంది?

జవాబు రికార్డులో ఉంటుంది. అయితే ఏ రికార్డులో? గ్రామంలో ఉన్న ప్రతిలోనా, రెవెన్యూ కార్యాలయంలో ఉన్న ప్రతిలోనా, సబ్ రిజిస్ట్రార్ పుస్తకంలోనా? మూడింటిలోనూ ఒకే పేరు ఉంటే చిక్కు లేదు. తేడా వస్తే మాత్రం రైతుకు రావలసిన పరిహారం ఆగిపోతుంది. అందుచేత ఏ ప్రతి ఎవరి చేతిలో ఉంది, దాన్ని చూసే అధికారం ఎవరిది, దిద్దే అధికారం ఎవరిది అన్నవి కేవలం ఆఫీసు వ్యవహారాలు కావు. అవి ఒక కుటుంబం బతుకుతెరువుకు సంబంధించిన ప్రశ్నలు.

దూరంగా ఉన్న అసలు నుంచి తీసి, పని జరిగే చోట దగ్గరగా పెట్టుకున్న ప్రతిని ఈ పాఠంలో ‘స్థానిక నకలు’ అంటాం. కంప్యూటర్ రంగంలో దీన్ని క్యాష్ అంటారు. డబ్బుకు వాడే క్యాష్ అనే మాటతో దీనికి సంబంధం లేదు. నెట్‌వర్కులోని ఫైలును మీ ల్యాప్‌టాప్‌లో దాచుకుంటే, కనెక్షన్ లేనప్పుడు కూడా మీరు పని చేసుకోవచ్చు. ఈ సౌకర్యంతో పాటు వచ్చే చిక్కును అర్థం చేసుకోవడానికి, కంప్యూటర్ల కన్నా ముందు మన గ్రామాల్లో నడిచిన ఒక ఏర్పాటును చూద్దాం.

2. కరణం దగ్గరి దఫ్తరం

విజయవాడ దగ్గర కృష్ణానదిపై 1852–55 మధ్య ఆనకట్ట కట్టాక డెల్టాలో కాలువల కింద సాగు పెరిగింది. భూమికి విలువ వచ్చింది, శిస్తు లెక్కకు ప్రాముఖ్యం వచ్చింది. ఏ పొలంలో ఏ పంట వేశారు, నీరు ఎక్కడి నుంచి వచ్చింది, ఎంత శిస్తు రావాలి అన్నది ప్రతి పంటకాలంలోనూ రాయాలి. తాలూకా కచేరీలో కూర్చుని ఈ పని చేయడం సాధ్యం కాదు. పొలం గట్టు మీద నిలబడి చూసే మనిషి కావాలి. ఆ మనిషి కరణం.

అడంగల్ కరణం రాసేవాడు. కొలతల పుస్తకం, సెటిల్‌మెంటు రిజిస్టరు వంటి వాటి గ్రామప్రతులు కూడా అతని దగ్గర ఉండేవి. ఈ లెక్కలన్నిటినీ కట్టలు కట్టి దాచిన దఫ్తరం చాలా గ్రామాల్లో కరణం ఇంట్లోనే ఉండేది. ప్రభుత్వానికి సంబంధించిన సమాచారం ఇలా ఒక ప్రైవేటు ఇంటి గోడల మధ్య నిలవ ఉండేది.

ఇక్కడ రెండు విషయాలు గమనించండి. మొదటిది, దూరం. కచేరీకీ గ్రామానికీ మధ్య రోజూ సంబంధం ఉండదు కాబట్టి కరణం తన ప్రతిలో తానే మార్పులు రాసుకుంటూ పోయేవాడు. ఏడాదికి ఒకసారి జమాబందీలో పై అధికారి గ్రామలెక్కలను తనిఖీ చేసి, కచేరీ లెక్కలతో సరిపోల్చి, ఆ ఫసలీకి శిస్తు ఖాయం చేసేవాడు. జూలై 1న మొదలై జూన్ 30తో ముగిసే రెవెన్యూ సంవత్సరమే ఫసలీ. రెండు జమాబందీల మధ్య కాలంలో గ్రామప్రతిలో ఏముందో కచేరీకి పూర్తిగా తెలిసేది కాదు.

రెండోది, కాపలా. దఫ్తరాన్ని దాచేవాడు, చదివి చెప్పేవాడు, అందులో రాసేవాడు ఒక్కడే. చదువు రాని రైతు తన పొలం ఎవరి పేరున ఉందో తెలుసుకోవాలన్నా కరణం అరుగు ఎక్కవలసిందే. రికార్డు చూపడమా, తరవాత రమ్మనడమా అన్నది అతని ఇష్టం మీద ఆధారపడి ఉండేది. నిజాయితీగా పనిచేసి, ఊరి సరిహద్దులన్నీ నోటికి చెప్పగలిగిన కరణాలు ఎందరో ఉన్నారు. అయితే మంచి ఏర్పాటు మనిషి మంచితనం మీదే నిలబడకూడదు. చూసే హక్కు, రాసే హక్కు, దాచే బాధ్యత ఒకే చేతిలో ఉన్నప్పుడు తప్పు జరిగితే పట్టుకునే దారి ఉండదు.

3. 1984: అధికారం పోయింది, ప్రతి మిగిలింది

గ్రామోద్యోగాలు చాలాకాలం వంశపారంపర్యంగా నడిచాయి. గుంటూరు జిల్లా నుంచి వచ్చిన గాజుల దశరథ రామారావు కేసులో సుప్రీంకోర్టు 1960 డిసెంబరులో తీర్పు ఇస్తూ, వంశాన్ని బట్టి గ్రామోద్యోగం ఇవ్వడం రాజ్యాంగంలోని 16వ అధికరణకు విరుద్ధమని చెప్పింది. రికార్డు మీద అధికారం ఇంటిపేరుతో రాదని, ప్రభుత్వం ఇచ్చిన పదవితోనే వస్తుందని ఈ తీర్పుతో తేలింది. సూత్రం మారినా దఫ్తరం మాత్రం చాలా ఊళ్లలో ఉన్న చోటనే ఉంది.

1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సు ద్వారా పార్ట్‌టైమ్ గ్రామోద్యోగాలను రద్దు చేసింది. ఆంధ్ర ప్రాంతంలో మునసబు, కరణం. తెలంగాణలో పటేల్, పట్వారీ పదవులు దీనితో పోయాయి. దీన్ని సవాలు చేసిన టి. వెంకటరెడ్డి కేసులో సుప్రీంకోర్టు 1985లో ప్రభుత్వ చర్యను సమర్థించింది.

చట్టం దృష్టిలో కరణం అధికారం ఒక్క రోజులో ముగిసింది. రికార్డుల సంగతి వేరు. ఆర్డినెన్సు వచ్చిన రోజున అవి కరణాల ఇళ్లలోనే ఉన్నాయి. వాటిని జాబితా రాసి, అప్పగించుకుని, కార్యాలయానికి చేర్చాలి. ఈ పని అన్ని గ్రామాల్లో ఒకేలా జరగలేదు. కొన్నిచోట్ల అప్పగింత ఆలస్యమైంది, కొన్నిచోట్ల కొన్ని పుస్తకాలు చేతికి రాలేదు. పదవి పోయిన తరవాత కూడా, తన దగ్గర మిగిలిన పాత లెక్క కారణంగా ఊళ్లో మాట చెల్లించుకున్న వారు ఉన్నారు.

ఈ పాఠానికి ఇదే కీలకం: అధికారాన్ని కేంద్రంలో రద్దు చేస్తే, అప్పటికే బయటకు వెళ్లిన నకలు దానంతట అది తిరిగి రాదు.

మీ ప్రగతిని తెలుసుకోండి – 1
1) జమాబందీ ఎందుకు అవసరమైంది?
2) 1984 ఆర్డినెన్సు తరవాత రికార్డుల విషయంలో ఎదురైన ప్రధాన సమస్య ఏమిటి?

4. రిజిస్ట్రేషన్ చట్టంలోని హక్కుల జాబితా

కరణం దఫ్తరానికి భిన్నమైన ఏర్పాటు సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో కనిపిస్తుంది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ఏ పుస్తకాన్ని ఎవరు చూడవచ్చో ముందే రాసిపెట్టింది. స్థిరాస్తి దస్తావేజులు ఎక్కే 1వ పుస్తకాన్ని ఫీజు చెల్లించి ఎవరైనా పరిశీలించవచ్చు. పొలం కొనదలచిన వ్యక్తి పాత అమ్మకాలు, తనఖాలు తెలుసుకోవాలి కాబట్టి దాన్ని బహిరంగంగా ఉంచారు. వీలునామాలు ఎక్కే 3వ పుస్తకం అలా కాదు. రాసిన మనిషి బతికి ఉన్నంతకాలం దాని నకలు అతనికి లేదా అతని ఏజెంటుకు మాత్రమే ఇస్తారు. అతని మరణం తరవాత ఇతరులు దరఖాస్తు చేసుకోవచ్చు. ఇతర దస్తావేజుల 4వ పుస్తకంలోని నకలు ఆ దస్తావేజుతో సంబంధం ఉన్నవారికే దొరుకుతుంది. 3, 4 పుస్తకాల్లో వెతికే పని కూడా రిజిస్టరింగ్ అధికారే చేయాలి.

మరో అంశం చూడండి. ఒక దస్తావేజులోని ఆస్తి కొంత వేరే సబ్ రిజిస్ట్రార్ పరిధిలో ఉంటే, రిజిస్టరు చేసిన అధికారి అక్కడికి ఒక మెమొరాండం పంపాలని 64వ సెక్షను చెబుతుంది. ఒకచోట జరిగిన మార్పు గురించి మరోచోట ఉన్న ప్రతికి కబురు చేయడమే ఇది. ఈ రెండు ఆలోచనలూ, అంటే ఎవరికి ఏ హక్కు అన్న జాబితా, మార్పు జరిగినప్పుడు కబురు, 75 ఏళ్ల తరవాత కంప్యూటర్ నెట్‌వర్కుల్లో మళ్లీ కనిపిస్తాయి.

5. నెట్‌వర్కులో ఫైళ్లు: ఆండ్రూ, కోడా

1980ల ఆరంభంలో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం, ఐబీఎం సంస్థతో కలిసి ఆండ్రూ ప్రాజెక్టు చేపట్టింది. విశ్వవిద్యాలయంలోని వేల యంత్రాలలో దేని ముందు కూర్చున్నా విద్యార్థికి తన ఫైళ్లు అందాలన్నది ఆశయం. దానిలోని ఫైల్ వ్యవస్థ రూపకల్పనకు నాయకత్వం వహించినవారిలో ముఖ్యులు మహదేవ్ సత్యనారాయణన్. ఆయన మద్రాసు ఐఐటీలో చదివి, కార్నెగీ మెలన్‌లో 1983లో డాక్టరేటు పొందారు.

ప్రతి చిన్న పనికీ సర్వరును అడిగితే నెట్‌వర్కు మీద భారం పడుతుంది. అందుకని తొలి ఆండ్రూ వ్యవస్థలో ఫైలు తెరవగానే మొత్తం ఫైలును విద్యార్థి యంత్రంలోని డిస్కు మీదికి తెచ్చేవారు. ఆ ఫైలు మరెక్కడైనా మారితే కబురు చేస్తానని సర్వరు మాట ఇస్తుంది. కబురు రానంతవరకూ దగ్గరున్న నకలు సరైనదేనని యంత్రం భావిస్తుంది.

భద్రత విషయంలో వారు ఒక కఠినమైన నిర్ణయం తీసుకున్నారు. సర్వర్లను తాళం వేసిన గదుల్లో పెట్టారు, విద్యార్థుల యంత్రాలను మాత్రం నమ్మకూడదనుకున్నారు. ఆ రోజుల్లో వాడుకలోకి వచ్చిన మరికొన్ని వ్యవస్థల్లో ‘నేను ఫలానా వాడిని’ అని యంత్రం చెబితే సర్వరు నమ్మేది. సన్ సంస్థ 1980ల మధ్యలో తెచ్చిన ఎన్ఎఫ్ఎస్ మొదట్లో అలాగే పనిచేసింది. ఆండ్రూలో వాడుకరి పాస్‌వర్డు ఆధారంగా తానెవరో రుజువు చేసుకోవాలి. ఆ రుజువుకు గడువు ఉంటుంది. ప్రతి ఫోల్డరుకూ హక్కుల జాబితా ఉంటుంది: చదవడం ఒక హక్కు, రాయడం ఒక హక్కు, చెరపడం ఒక హక్కు, జాబితానే మార్చడం ఇంకో హక్కు. కరణం చేతిలో ఒకే మూటగా ఉన్నవాటిని ఇక్కడ విడివిడిగా పెట్టారని మీరు గుర్తించే ఉంటారు.

హక్కును వెంటనే తీసేయడానికి ఈ జాబితాలో ఒక ప్రత్యేకమైన ఏర్పాటు ఉంది. ఒక వ్యక్తిని ఏదైనా బృందం నుంచి తొలగిస్తే ఆ వార్త అన్ని సర్వర్లకూ చేరడానికి సమయం పడుతుంది. అందుకని ఫలానా వ్యక్తికి ఈ హక్కు లేదు అని నిషేధ జాబితాలో నేరుగా రాయవచ్చు. మిగతా జాబితాలు ఏమి చెప్పినా ఈ నిషేధమే చెల్లుతుంది.

ఇంత చేసినా ఒక ద్వారం తెరిచే ఉంది. డిస్కు మీదికి వచ్చిన నకలు ఆ యంత్రంలో ఒక మామూలు ఫైలే. ఆ యంత్రం మీద పూర్తి అధికారం ఉన్న వ్యక్తి, సర్వరును అడగకుండానే నకళ్లు దాచిన చోటును తెరిచి చూడవచ్చు. సర్వరులోని జాబితా సర్వరుకు వచ్చే అభ్యర్థనలను అడ్డుకుంటుంది. ఇంటికి చేరిన దఫ్తరాన్ని కాపలా కాయలేదు.

సత్యనారాయణన్ బృందం 1987లో మొదలుపెట్టిన కోడా వ్యవస్థ మరో అడుగు వేసింది. ప్రయాణానికి ముందు కావలసిన ఫైళ్లను పోగు చేసుకుని, కనెక్షన్ లేకుండానే వాటిలో మార్పులు చేసుకోవచ్చు. తిరిగి కలిసినప్పుడు ఆ మార్పుల చిట్టా సర్వరుకు వెళ్తుంది. సర్వరు వాటిని గుడ్డిగా ఒప్పుకోదు. ఈ మార్పు చేసే హక్కు ఈ వ్యక్తికి ఉందా, ఈలోగా వేరొకరు అదే ఫైలును మార్చారా అని పరిశీలిస్తుంది. ఇది ఒక రకంగా జమాబందీయే. తేడా ఏమిటంటే, ఏడాది ఆగనక్కరలేదు. అయినా ఈ పరిశీలన రాతకు మాత్రమే వర్తిస్తుంది. కనెక్షన్ లేని కాలంలో నకలును ఎవరు చదివారో అది పట్టుకోలేదు.

6. నకలుతో పాటు ప్రయాణించే తాళం

2000 ఫిబ్రవరిలో విడుదలైన విండోస్ 2000తో ఈ సౌకర్యం మామూలు ఆఫీసులకు ‘ఆఫ్‌లైన్ ఫైల్స్’ పేరుతో చేరింది. సర్వరులోని ఫోల్డరును ఉద్యోగి తన ల్యాప్‌టాప్‌లో అందుబాటులో ఉంచుకోవచ్చు. అసలు ఫైలు మీద ఎవరికి ఏ హక్కులు ఉన్నాయో ఆ సమాచారాన్ని కూడా నకలుతో పాటు దాచి, కనెక్షన్ లేనప్పుడు దాని ప్రకారమే ఫైలు తెరవనిస్తారు.

అయితే ఈ కాపలా ఆ విండోస్ నడుస్తున్నంతసేపే. ల్యాప్‌టాప్ పోయి, దొరికినవాడు డిస్కును ఊడదీసి వేరే యంత్రానికి తగిలిస్తే హక్కుల జాబితాను అడిగే నాథుడు ఉండడు. అందుకే 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో దాచిన నకళ్లను గూఢలిపిలో ఉంచే వీలు కల్పించారు. అందులో తాళంచెవి యంత్రం పేరు మీద ఉండేది. తరవాత వచ్చిన విస్టాలో ఎవరి నకళ్లకు వారి సొంత తాళంచెవి వాడే పద్ధతి తెచ్చారు. దీనివల్ల ఒకే ల్యాప్‌టాప్‌ను ఇద్దరు వాడినా ఒకరి నకళ్లు మరొకరికి తెరుచుకోవు.

వీటన్నిటికన్నా ముందు చేయగలిగిన పని ఒకటి ఉంది. ఏ ఫోల్డరులోని ఫైళ్లకు నకలు తీసుకోనివ్వాలో, వేటికి అసలు తీసుకోనివ్వకూడదో సర్వరు నిర్వాహకుడు నిర్ణయించవచ్చు. 3వ పుస్తకాన్ని ఎవరి చేతికీ ఇవ్వకుండా అధికారే వెతికి చెప్పే పద్ధతి లాంటిదే ఇది.

మీ ప్రగతిని తెలుసుకోండి – 2
1) ఆండ్రూ వ్యవస్థలో నిషేధ జాబితా ఎందుకు పెట్టారు?
2) హక్కుల జాబితా ఉన్నప్పటికీ గూఢలిపి ఎందుకు అవసరమైంది?

7. మళ్లీ మన గ్రామాలకు

రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ కార్యాలయాల కంప్యూటరీకరణ ‘కార్డ్’ పేరుతో 1998 నవంబరులో ఆరంభమైంది. అంతవరకు దస్తావేజును చేతితో పుస్తకంలోకి ఎక్కించేవారు. ఇప్పుడు స్కాన్ చేసి కార్యాలయంలోని సర్వరులో దాచారు. 2015లో వచ్చిన మీభూమి వెబ్‌సైటులో అడంగల్, 1–బి వివరాలను పౌరులే చూసుకోవచ్చు. అయితే చూడగలరు కాని దిద్దలేరు. కరణం అరుగు మీద కలగలిసి ఉన్న రెండు హక్కులు ఇక్కడ వేరయ్యాయి. ఒకప్పుడు కరణం ఇష్టం మీద ఆధారపడిన సమాచారం రైతు చేతిలోని ఫోనుకు చేరడం చిన్న మార్పు కాదు.

1984 నాటి పాఠం ఎక్కడ పనికివచ్చిందో కూడా చూడండి. 2020 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వం గ్రామ రెవెన్యూ అధికారి పదవిని రద్దు చేసింది. శాసనసభలో బిల్లు రాకముందే, సెప్టెంబరు 7న, వారి దగ్గరున్న రికార్డులన్నిటినీ ఆ రోజే స్వాధీనం చేసుకోవాలని కలెక్టర్లకు ఆదేశం వెళ్లింది. పదవి రద్దు మంచిదా కాదా అన్న చర్చ వేరు. వరసను మాత్రం గమనించండి: ముందు నకలు వెనక్కి, తరవాత అధికారం రద్దు.

ఇప్పుడు ఒక సందర్భం ఊహించుకోండి. గన్నవరం ప్రాంతంలోని ఒక కార్యాలయంలో పనిచేసే ఉద్యోగి, నెట్ సరిగా రాని రోజుల కోసం కొన్ని గ్రామాల భూమి ఫైళ్లను తన ల్యాప్‌టాప్‌లో దాచుకున్నాడు. అతనికి మచిలీపట్నం బదిలీ అయింది. అదే రోజున సర్వరులో అతని హక్కులు తొలగించారు. అంతటితో పని పూర్తయిందా? కాలేదు. ల్యాప్‌టాప్ మళ్లీ సర్వరుతో కలిసే వరకు ఆ తొలగింపు సంగతి దానికి తెలియదు. నకలు చెరిపివేసే ఏర్పాటు విడిగా లేకపోతే, ఫైళ్లు అతని దగ్గరే ఉంటాయి. అతను ఉత్తముడే కావచ్చు. ఆ ల్యాప్‌టాప్ బస్సులో పోతే దొరికినవాడి సంగతి మనకు తెలియదు. ఆ ఫైళ్లలో ఉన్నవి రైతుల పేర్లు, ఖాతా నంబర్లు, వారసత్వ తగాదాల వివరాలు.

కాబట్టి చరిత్ర మనకు చెప్పే క్రమం ఇది. దేనికి నకలు ఇవ్వాలో ముందే తేల్చుకోవాలి. ఇచ్చిన నకలుకు గూఢలిపి తాళం వేయాలి. చూసే, రాసే హక్కులను ఒకే చేతిలో పెట్టకూడదు. కలిసినప్పుడల్లా మార్పులను సరిపోల్చాలి. మనిషి పదవి మారిన రోజున హక్కుతో పాటు నకలు లెక్క కూడా అడగాలి.

8. సారాంశం

దూరం ఉన్నంతకాలం స్థానిక నకలు అవసరం. డెల్టాలో పొలానికీ కచేరీకీ మధ్య ఉన్న దూరం కరణం దఫ్తరాన్ని పుట్టించింది; యంత్రానికీ సర్వరుకూ మధ్య ఉన్న దూరం క్యాష్‌ను పుట్టించింది. రెండింటిలోనూ కేంద్రం హక్కు ఇవ్వగలదు, తీసేయగలదు. బయటకు వెళ్లిన ప్రతిని మాత్రం మాటతో వెనక్కి పిలవలేదు. 1984లో మన గ్రామాలు ఎదుర్కొన్న ఈ సమస్యనే ఆ దశాబ్దంలోనే కంప్యూటర్ శాస్త్రజ్ఞులూ ఎదుర్కొన్నారు. ఈసారి మీ ఊరి అడంగల్‌ను తెర మీద చూసేటప్పుడు, ఆ వివరాల నకళ్లు ఇంకా ఎవరెవరి దగ్గర ఉండి ఉంటాయని ఒకసారి ప్రశ్నించుకోండి.

ముఖ్య పదాలు

అడంగల్: ఏ సర్వే నంబరులో ఎవరి భూమి, ఏ పంట అన్న వివరాల గ్రామలెక్క.
జమాబందీ: గ్రామలెక్కల వార్షిక తనిఖీ, శిస్తు ఖరారు.
స్థానిక నకలు: దూరపు అసలు నుంచి తీసి దగ్గర దాచుకున్న ప్రతి.
హక్కుల జాబితా: ఒక రికార్డు మీద ఎవరు ఏమి చేయవచ్చో తెలిపే పట్టిక.
గూఢలిపి: తాళంచెవి ఉన్నవారే చదవగలిగేలా సమాచారాన్ని మార్చి రాసే పద్ధతి.

మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో జవాబులు రాయండి.
1) కరణం వ్యవస్థలో రికార్డుల భద్రతకు ఉన్న పరిమితులను చర్చించండి.
2) ఆండ్రూ, కోడా వ్యవస్థలు స్థానిక నకళ్ల సమస్యను ఎలా ఎదుర్కొన్నాయి?

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో జవాబులు రాయండి.
1) రిజిస్ట్రేషన్ చట్టంలో 1వ పుస్తకానికీ 3వ పుస్తకానికీ ఉన్న తేడా ఏమిటి?
2) 1984, 2020 సంవత్సరాల రద్దులను రికార్డుల స్వాధీనం దృష్టితో పోల్చండి.